రినైసాన్స్, రిఫర్మేషన్ బుర్రకెక్కాలంటే ఒక్క కాగితం వెంట పడండి

గ్రూప్స్‌కో సివిల్స్‌కో ప్రిపేర్ అవుతున్నా, డిగ్రీలో హిస్టరీ ఉన్నా, లేదా ఊరికే ఇష్టంతో చదువుకుంటున్నా సరే, రినైసాన్స్ (యూరప్‌లో కళలు, పాండిత్యం మళ్ళీ చిగురించిన కాలం), రిఫర్మేషన్ (అక్కడి చర్చిలో లేచిన సంస్కరణ ఉద్యమం) అనే ఈ రెండు చాప్టర్ల దగ్గర దాదాపు అందరం చేసేది ఒకటే. డావిన్సీ, మైకెలాంజెలో, రాఫెల్ ఒక పేజీలో, లూథర్, కాల్విన్, జ్వింగ్లీ ఇంకో పేజీలో రాసుకుని బట్టీ కొడతాం, పది రోజులు తిరిగేసరికి ఎవరు ఎక్కడివాళ్ళో, ఎవరు ముందో ఎవరు వెనకో అంతా కలగాపులగం అయిపోతుంది. అసలు వీటిని రెండు వేరే కథల్లా చదవడం దగ్గరే తేడా కొడుతోంది. మైకెలాంజెలో రోమ్‌లో సిస్టీన్ చాపెల్ పైకప్పుకి బొమ్మలేస్తున్న కాలంలోనే, అంటే 1508 నుంచి 1512 మధ్య, లూథర్ అనే కుర్ర సన్యాసి జర్మనీ నుంచి నడుచుకుంటూ అదే రోమ్‌కి వచ్చి వెళ్ళాడు. ఆ బొమ్మలకీ ఈ సన్యాసి కోపానికీ మధ్య ఒక దారి ఉంది, ఆ దారి ఒక కాగితం ముక్క మీదుగా పోతుంది. దాన్ని పట్టుకుని ఎలా చదవాలో వరసగా చెప్తాను, ఒక నోట్‌బుక్, ఒక పెన్సిల్ దగ్గర పెట్టుకోండి.

ముందు మ్యాప్ గీయండి

అందంగా రానక్కర్లేదు, మీకు అర్థమైతే చాలు. ఫ్లోరెన్స్, రోమ్, మైన్జ్, విట్టెన్‌బర్గ్, జ్యూరిక్, జెనీవా, లండన్, ఈ ఏడు ఊళ్ళు చాలు. గీసేటప్పుడు ఒక విషయం గట్టిగా గుర్తుపెట్టుకోండి, అప్పటికి ఇటలీ అనే దేశమూ లేదు, జర్మనీ అనే దేశమూ లేదు. జర్మన్ భాష మాట్లాడే ప్రాంతమంతా పవిత్ర రోమన్ సామ్రాజ్యం కింద వందలాది చిన్నా పెద్దా సంస్థానాలు, పైన ఒక చక్రవర్తి, ఆయన్ని ఎన్నుకునేది ఏడుగురు ఎలెక్టర్లు. ఈ ఏడుగురి సంగతి వదిలేశారంటే లూథర్ ప్రాణాలతో ఎలా బయటపడ్డాడో ఎప్పటికీ అర్థం కాదు, అందుకే మ్యాప్ పక్కనే రాసి పెట్టుకోండి.

ఇప్పుడు ఆ కాగితం ఏంటో తెలుసుకోండి

మన పుస్తకాల్లో పాపపరిహార పత్రం అని రాస్తారు, ఇంగ్లీషులో ఇండల్జెన్స్. దీని గురించి చాలామంది "డబ్బు కడితే పాపం పోతుంది" అని ఒక్క ముక్కలో రాసేస్తారు, అది సరిపోదు. చర్చి బోధ ప్రకారం పాపాన్ని క్షమించేది పాపసంకీర్తనలో. క్షమించాక కూడా అనుభవించాల్సిన శిక్ష కొంత మిగిలి ఉంటుంది, బతికుండగా తీరకపోతే చనిపోయాక పర్గేటరీలో, అంటే ఉత్తరించే స్థలంలో తీర్చుకోవాలి. ఇండల్జెన్స్ ఆ మిగిలిన శిక్షని తగ్గించడానికి. చచ్చిపోయిన అమ్మానాన్నల తరఫున కూడా తీసుకోవచ్చు అనేసరికి పేదవాళ్ళు కూడా ఉన్నదంతా ఊడ్చి కొనేవాళ్ళు. ఈ చివరి మాట నోట్సులో తప్పకుండా ఉండాలి, ఎందుకంటే జనం కొన్నది తెలివితక్కువై కాదు, పోయినవాళ్ళ మీద ప్రేమతో.

ఇంకొకటి. మైన్జ్‌లో అచ్చు ప్రెస్ పెట్టిన గుటెన్‌బర్గ్ అనగానే బైబిల్ అంటాం కదా, ఆ బైబిల్ 1455 ప్రాంతంది. కానీ మైన్జ్‌లో అచ్చయిన వాటిలో తేదీతో సహా దొరికే తొలి వాటిల్లో 1454 నాటి ఇండల్జెన్స్ పత్రాలున్నాయి! అంతకు ముందు ఏడాదే, 1453లో, కాన్‌స్టాంటినోపుల్ తురుష్కుల చేతికి పోయింది, ఇక సైప్రస్‌ని కాపాడాలి అని చెప్పి డబ్బు వసూలుకి వేసిన పత్రాలవి. పేరుకీ తేదీకీ ఖాళీ వదిలి మిగతాదంతా అచ్చు వేసేవాళ్ళు, కొన్నవాళ్ళ పేరు చేత్తో రాసిచ్చేవాళ్ళు. ఇప్పుడు మనం నింపే అప్లికేషన్ ఫారంలాగే అన్నమాట. ఏ ప్రెస్ అయితే తర్వాత లూథర్ మాటల్ని ఊరూరా మోసిందో, అదే ప్రెస్ మొదట్లో ఈ పత్రాలు వేసి బతికింది. నోట్‌బుక్‌లో మొదటి పేజీ దీనికే ఇచ్చేయండి.

డబ్బు ఎటు పోతోందో పైకి వెతకండి

ఇక్కడే రినైసాన్స్ మొత్తం వచ్చేస్తుంది, కాబట్టి తొందరపడొద్దు. పోప్ రెండవ జూలియస్ 1506 ఏప్రిల్‌లో రోమ్‌లో పాత సెయింట్ పీటర్స్ చర్చి స్థానంలో కొత్త దానికి పునాది రాయి వేశాడు, ప్లాన్ బ్రమాంటేది. అదే జూలియస్ మైకెలాంజెలోని సిస్టీన్ పైకప్పు ఎక్కించాడు, రాఫెల్‌ని తన గదుల గోడలకి బొమ్మలేయమని పెట్టాడు. ఆయన పోయాక 1513లో పదవిలోకి వచ్చినవాడు పదవ లియో. ఈయన ఎవరో కాదు, ఫ్లోరెన్స్ మెడిచీ కుటుంబంలో లొరెంజో కొడుకు జొవాన్ని, పదమూడేళ్ళకే కార్డినల్ అయినవాడు. మైకెలాంజెలో కుర్రాడిగా లొరెంజో ఇంట్లోనే ఉండి శిల్పం నేర్చుకున్నాడు కాబట్టి వీళ్ళిద్దరూ చిన్నప్పటి నుంచీ ఎరిగినవాళ్ళే.

బ్యాంకు వ్యాపారంతో పైకొచ్చిన మెడిచీ కుటుంబం, వాళ్ళు పోషించిన కళాకారులు, ఆ ఇంటి నుంచి వచ్చిన పోప్, ఆయన పూర్తిచేయాల్సిన చర్చి, దానికి కావాల్సిన డబ్బు, ఇవి ఒక గీత మీద పెట్టి బాణం గుర్తులు వేయండి. ఫ్లోరెన్స్ నుంచి రోమ్‌కి బాణం పడింది కదా, రినైసాన్స్ చాప్టర్‌లో సగం పేర్లు ఆ ఒక్క బాణం మీదే కూర్చుంటాయి. లియొనార్డో ఈ గీత మీదకి సరిగ్గా రాడు, ఆయన మిలాన్‌లో, చివరికి ఫ్రాన్స్ రాజు దగ్గర, 1519లో అక్కడే పోయాడు. బలవంతంగా ఇరికించొద్దు, పక్కన రాసుకోండి చాలు.

ఇప్పుడు కిందకి, విట్టెన్‌బర్గ్ వైపు

అల్‌బ్రెక్ట్ అనే బ్రాండెన్‌బర్గ్ రాజవంశపు కుర్రాడు, అప్పటికే మాగ్డెబర్గ్ ఆర్చ్‌బిషప్. 1514లో, ఇరవై నాలుగేళ్ళకే, మైన్జ్ ఆర్చ్‌బిషప్ కూడా అయ్యాడు. మైన్జ్ ఆర్చ్‌బిషప్ అంటే ఆ ఏడుగురు ఎలెక్టర్లలో ఒకడు. ఒకే మనిషికి ఇన్ని పదవులు రూల్ ప్రకారం కుదరవు, రోమ్ ప్రత్యేకంగా అనుమతివ్వాలి, దానికి పెద్ద మొత్తం కట్టాలి. ఆ డబ్బు ఆగ్స్‌బర్గ్ షావుకారు యాకోబ్ ఫుగ్గర్ దగ్గర అప్పు తెచ్చాడు. అప్పు తీరడానికి ఒప్పందం ఏంటంటే, అల్‌బ్రెక్ట్ తన ప్రాంతంలో ఇండల్జెన్స్‌లు అమ్మించాలి, వచ్చినదాంట్లో సగం సెయింట్ పీటర్స్ కట్టడానికి రోమ్‌కి, సగం ఫుగ్గర్‌కి. కొనే జనానికి చర్చి కడుతున్నామనే చెప్పారు, సగం అప్పుకి పోతుందని తెలీదు, ఆ మాటకొస్తే మొదట్లో లూథర్‌కీ తెలీదు.

అమ్మడానికి దిగినవాడు యోహాన్ టెట్జెల్, డొమినికన్ సన్యాసి, జనాన్ని కదిలించేలా మాట్లాడగలడు. సాక్సనీ ఎలెక్టర్ ఫ్రెడరిక్ తన రాజ్యంలోకి వీళ్ళని అడుగుపెట్టనివ్వలేదు. ఆయనకి సంస్కరణ మీద ప్రేమ ఉండి కాదు, ఆయనకి సొంతంగా వేలకొద్దీ పుణ్యపురుషుల అవశేషాల సేకరణ ఉంది, వాటిని దర్శించుకుంటే కూడా ఇండల్జెన్స్ వచ్చేది. అయినా విట్టెన్‌బర్గ్ జనం సరిహద్దు దాటి యూటర్‌బోగ్ వెళ్ళి కొనుక్కొచ్చి, ఇక మాకు పశ్చాత్తాపం ఎందుకు అన్నట్టు పాస్టర్ లూథర్ ముందు నిలబడ్డారు. ఆయన కోపం పుట్టింది అక్కడ, పుస్తకాల్లో కాదు.

95 వాదాలు నేరుగా చదవండి

ఈ స్టెప్ మాత్రం దయచేసి ఎగ్గొట్టొద్దు. ఇండల్జెన్స్‌ల మీద లూథర్ చర్చకి పెట్టిన పాయింట్లివి, 95 అంటే భయపడక్కర్లేదు, ఒక్కోటి ఒకటి రెండు వాక్యాలే, ఇంగ్లీషు అనువాదాలు ఉచితంగా దొరుకుతాయి, గంటలో అయిపోతుంది. టైమ్ లేదంటే 1, 27, 43, 50, 82, 86 చదవండి. 1వది మనిషి బతుకంతా పశ్చాత్తాపంగా ఉండాలి అంటుంది. 27వది, పెట్టెలో నాణెం మోగగానే ఆత్మ ఎగిరిపోతుందని చెప్పేవాళ్ళ మీద. 43వదాంట్లో, పేదవాడికి ఇవ్వడం, అవసరంలో ఉన్నవాడికి అప్పివ్వడం ఈ పత్రాలు కొనడం కంటే మంచిది అంటాడు. 50వది చూస్తే, ఈ వసూళ్ళ సంగతి పోప్‌కి తెలిస్తే తన గొర్రెల చర్మం, మాంసం, ఎముకలతో సెయింట్ పీటర్స్ కట్టడం కంటే అది బూడిదైపోవడమే మేలనుకుంటాడు అని రాశాడు, అంటే ఇంకా పోప్ మీద నమ్మకం పోలేదు చూడండి. 82, 86 దగ్గరకొస్తే జనం అడుగుతున్నారు అంటూ ప్రశ్నలు పెట్టాడు. ప్రేమకోసమే పర్గేటరీ మొత్తం ఖాళీ చేయొచ్చు కదా? అంత సంపన్నుడైన పోప్ పేదల డబ్బుతో కాకుండా తన డబ్బుతో ఆ ఒక్క చర్చి కట్టుకోవచ్చు కదా? ఐదొందల ఏళ్ళ తర్వాత చదువుతుంటే కూడా ఆ ప్రశ్నలు సూటిగా తగులుతాయి.

చదివాక ఇంకో పని చేయండి, ఇందులో ఏం లేదో చూడండి. కొత్త చర్చి పెడతాం అని లేదు, పోప్ వద్దు అని లేదు. అవన్నీ తర్వాత, 1519 లైప్‌జిగ్ వాదోపవాదం, 1520లో రాసిన పుస్తకాలు, అదే ఏడాది డిసెంబర్ 10న పోప్ పంపిన ఉత్తర్వుని విట్టెన్‌బర్గ్‌లో మంటల్లో వేయడం, ఇలా మెట్టు మెట్టుగా వచ్చినవి.

తేలినదీ తేలనిదీ విడివిడిగా రాసుకోండి

పేజీ మధ్యలో గీత కొట్టండి. ఎడమ పక్క, 1517 అక్టోబర్ 31 తేదీతో లూథర్ అల్‌బ్రెక్ట్‌కి ఉత్తరం రాసి వాదాలు జతచేశాడు. ఇది ఖాయం. కుడి పక్క, అదే రోజు కోట చర్చి తలుపుకి మేకులు కొట్టి అంటించాడు. ఇది లూథర్ ఎక్కడా రాయలేదు, ఆయన పోయాక 1546లో ఆయన సహచరుడు మెలాంక్‌థన్ రాసినదాన్ని బట్టి బాగా ప్రచారమైంది, ఆ మెలాంక్‌థన్ విట్టెన్‌బర్గ్‌కి వచ్చిందే 1518లో. తలుపు అప్పట్లో యూనివర్సిటీ నోటీసులు పెట్టే చోటు కాబట్టి జరగకపోయి ఉండదని కొందరు, జరగలేదని కొందరు. అలాగే 1521 ఏప్రిల్ 18న వర్మ్స్ ఊళ్ళో జరిగిన సామ్రాజ్య సభలో ఇరవై ఒక్కేళ్ళ చక్రవర్తి ఐదవ చార్లెస్ ఎదుట నా మాట వెనక్కి తీసుకోను అని చెప్పడం ఎడమ పక్కకి, "ఇదిగో ఇక్కడే నిలబడ్డాను" అనే పోస్టర్ మాట కుడి పక్కకి, ఎందుకంటే సభలో రాసుకున్న నోట్సులో అది లేదు. మెయిన్స్‌లో "తలుపుకి మేకు కొట్టాడని చెబుతారు" అని రాసే అభ్యర్థికీ, కొట్టాడు అని రాసేసే అభ్యర్థికీ తేడా దిద్దేవాళ్ళకి తెలుస్తుంది.

ఒక్కొక్కరి పక్కన ఒకే ప్రశ్న రాయండి: ఈయనకి అండ ఎవరు?

నా దృష్టిలో ఈ కాలం మొత్తానికి తాళంచెవి ఈ ప్రశ్నే. బొహీమియా సంస్కర్త యాన్ హుస్ కూడా ఇండల్జెన్స్‌ల మీద మాట్లాడాడు, 1415లో కాన్‌స్టన్స్‌లో కాల్చేశారు. ఫ్లోరెన్స్‌లో సవొనరోలా పోప్‌ని ఎదిరించాడు, 1498లో ఉరి తీసి కాల్చేశారు. మరి లూథర్ ఎలా మిగిలాడు? వర్మ్స్ నుంచి తిరిగొస్తుంటే ఫ్రెడరిక్ మనుషులు దారికాచి ఎత్తుకెళ్ళినట్టు నటించి వార్ట్‌బర్గ్ కోటలో దాచారు. అక్కడ కూర్చునే కొత్త నిబంధనని జర్మన్‌లోకి తెచ్చాడు, పండితుడు ఎరాస్మస్ 1516లో తొలిసారి అచ్చేయించిన గ్రీకు పాఠం ముందు పెట్టుకుని. మూలభాషకి వెళ్ళాలి అన్నది రినైసాన్స్ పండితుల పట్టుదల, దాన్నే లూథర్ వాడుకున్నాడు, రెండు చాప్టర్లకీ ముడి పడింది ఇక్కడే. 1522 సెప్టెంబర్‌లో అది అచ్చయింది, బొమ్మలు చెక్కింది విట్టెన్‌బర్గ్ చిత్రకారుడు లూకాస్ క్రానాక్.

ఆ క్రానాక్ 1521లో వేసిన చెక్కబొమ్మల జతలు నెట్‌లో వెతికి చూడండి. ఒక పక్క యేసు శిష్యుల కాళ్ళు కడుగుతుంటాడు, ఎదురు పేజీలో పోప్ తన పాదం ముద్దు పెట్టించుకుంటుంటాడు. చదువురాని రైతుకి కూడా ఒక్క చూపులో విషయం తెలిసిపోతుంది, లూథర్ మాట అంత వేగంగా ఎందుకు పాకిందో అడిగితే ఈ బొమ్మల సంగతి రాయండి.

మిగతా సంస్కర్తల్లో జ్వింగ్లీకి అండ జ్యూరిక్ నగర మండలి, కాల్విన్‌కి జెనీవా, అదీ 1538లో వెళ్ళగొట్టి మళ్ళీ 1541లో పిలిపించుకుంది. ఇంగ్లండ్‌లో రాజే అండ, రాజే అవసరం. ఎనిమిదవ హెన్రీ 1521లో లూథర్‌ని ఖండిస్తూ పుస్తకం రాసి పదవ లియో చేత విశ్వాస రక్షకుడు అనిపించుకున్నాడు. తర్వాత కేథరిన్‌తో పెళ్ళి రద్దు కావాలన్నాడు, ఆమె చక్రవర్తి చార్లెస్‌కి పిన్ని, 1527లో చార్లెస్ సైన్యం రోమ్‌ని దోచి పోప్ ఏడవ క్లెమెంట్‌ని బందీ చేసింది, ఇక ఆ పోప్ రద్దు ఎలా ఇస్తాడు. 1534లో హెన్రీ తానే ఇంగ్లండ్ చర్చికి అధిపతినన్నాడు, ఒప్పుకోని తన పాత మంత్రి థామస్ మోర్ తల 1535లో తీయించాడు.

వీళ్ళందర్నీ ప్రొటెస్టెంట్లు అని ఒకే గాటన కట్టకండి. 1529లో మార్‌బర్గ్‌లో లూథర్, జ్వింగ్లీ ఎదురెదురుగా కూర్చున్నారు, పదిహేను అంశాల్లో పద్నాలుగింటికి ఒప్పుకున్నారు, మిగిలింది ప్రభురాత్రి భోజనం. రొట్టె, ద్రాక్షారసంలో క్రీస్తు శరీరం నిజంగా ఉందంటాడు లూథర్, గుర్తు మాత్రమే అంటాడు జ్వింగ్లీ. లూథర్ బల్ల మీద సుద్దతో "ఇది నా శరీరం" అని లాటిన్‌లో రాసి పెట్టుకుని అక్కడి నుంచి జరగలేదు. ఆ ఒక్కదాని మీద విడిపోయారు.

చేదుగా ఉన్నవీ రాసుకోండి

1524-25లో జర్మన్ రైతులు లూథర్ మాటల్లోంచే న్యాయం అడిగితే, వాళ్ళని అణిచేయమని ఆయనే ప్రభువులకి రాశాడు, వేలల్లో చచ్చిపోయారు. 1543లో యూదుల మీద రాసింది చదవడానికే కష్టంగా ఉంటుంది. జ్యూరిక్‌లో పెద్దయ్యాక బాప్తిస్మం తీసుకోవాలన్న ఫెలిక్స్ మాంజ్‌ని 1527లో నదిలో ముంచి చంపారు, జెనీవాలో 1553లో త్రిత్వ బోధని కాదన్న సెర్వెటస్‌ని కాల్చారు. నాకు లూథర్ ధైర్యం అంటే గౌరవం ఉంది, ఉన్నా కూడా ఇవి లేకుండా రాసిన నోట్సు నిజం నోట్సు కాదు.

సంవత్సరాల్ని మనవాటితో జత కట్టండి

విడిగా బట్టీ పడితే నిలవవు. 1498: వాస్కోడగామా కాలికట్‌లో దిగాడు, సవొనరోలాని చంపారు. 1509: శ్రీకృష్ణదేవరాయలు సింహాసనం ఎక్కాడు, ఎనిమిదవ హెన్రీ సింహాసనం ఎక్కాడు, కాల్విన్ పుట్టాడు. 1520: రాయచూరు యుద్ధం, రాఫెల్ మరణం, లూథర్ ఉత్తర్వుని కాల్చడం. 1526: మొదటి పానిపట్టు, టిండేల్ ఇంగ్లీషు కొత్త నిబంధన. 1529: రాయల మరణం, మార్‌బర్గ్. 1564లో మైకెలాంజెలో, కాల్విన్ పోయారు, గెలీలియో, షేక్‌స్పియర్ పుట్టారు, తర్వాతి ఏడాదే తళ్ళికోట. తెలుగువాళ్ళకి రాయల కాలం ఎలాగూ మనసులో ఉంటుంది కాబట్టి 1509 నుంచి 1529 అనే ఆ ఇరవై ఏళ్ళ చట్రంలో యూరప్ గొడవ సగం సర్దుకుంటుంది.

తేదీల్లో ఒక చిక్కు ఉంది. 1582లో పోప్ పదమూడవ గ్రెగరీ క్యాలెండర్ మార్చాడు, ఒప్పుకున్న దేశాల్లో అక్టోబర్ 4 తర్వాత రోజు అక్టోబర్ 15 అయింది, బ్రిటన్ మాత్రం 1752 దాకా మారలేదు. 1582 తర్వాతి ఇంగ్లండ్ తేదీ ఒక పుస్తకంలో ఒకలా ఇంకోదాంట్లో పది పదకొండు రోజులు తేడాగా కనిపిస్తే కంగారు పడొద్దు.

కాగితం చివరికి ఏమైందో చూసి, మన వైపు రండి

క్యాథలిక్ చర్చి చేతులు కట్టుకుని కూర్చోలేదు. 1540లో జెస్యూట్ అనే సన్యాసుల సంఘానికి అనుమతి వచ్చింది, 1542కల్లా వాళ్ళలో ఫ్రాన్సిస్ జేవియర్ గోవాలో ఉన్నాడు, 1556లో గోవాకి ప్రెస్ వచ్చింది. 1545 నుంచి 1563 దాకా ట్రెంట్ ఊళ్ళో చర్చి పెద్దల మహాసభ నడిచింది, ఇండల్జెన్స్‌ల పేరుతో డబ్బు సంపాదించడం ఆపాలని చెప్పింది, 1567లో పోప్ ఐదవ పయస్ డబ్బుతో ముడిపడ్డ ఇండల్జెన్స్‌లు రద్దు చేశాడు. బోధ ఉంది, అమ్మకం పోయింది. మధ్యలో 1555 ఆగ్స్‌బర్గ్ ఒప్పందంతో సామ్రాజ్యంలో ఏ ప్రభువు మతం ఆ ప్రాంతానికి అని తేల్చుకున్నారు, కాల్విన్ వాళ్ళకి అందులో చోటు లేదు, ఆ కొరత తర్వాత శతాబ్దంలో ముప్పై ఏళ్ళ యుద్ధానికి ఒక కారణం.

తెలుగుకి సంబంధం ఉందా అంటే, నేరుగానే ఉంది. ఇందాకటి ఆర్చ్‌బిషప్ అల్‌బ్రెక్ట్ కాపురం ఉన్న ఊరు హాలె. రెండొందల ఏళ్ళు దాటాక 1740ల్లో, అప్పటికి లూథరన్ ఊరైపోయిన అదే హాలెలో బెంజమిన్ షుల్జ్ అనే మిషనరీ తెలుగు పుస్తకాలు అచ్చు వేయించాడు, మన భాషలో మొట్టమొదటి అచ్చు పుస్తకాలుగా చెప్పుకునేవి అవే. 1842లో అమెరికా నుంచి లూథరన్ పాదిరి హేయర్ గుంటూరు వచ్చాడు, ఏసీ కాలేజీ ఆ మిషన్ పెట్టిందే. గుంటూరు దగ్గర్లో ఉంటే అక్టోబర్ 31కి దగ్గరపడ్డ ఆదివారం ఏదైనా లూథరన్ చర్చికి వెళ్ళి సంస్కరణ దినం ఆరాధన చూడండి.

ఆఖరి పని

పుస్తకం మూసేసి తెల్ల కాగితం మీద ఈ వరస రాయండి: మైన్జ్ ప్రెస్, ఫ్లోరెన్స్ మెడిచీలు, రోమ్ చర్చి, ఫుగ్గర్ అప్పు, టెట్జెల్, విట్టెన్‌బర్గ్, వర్మ్స్, వార్ట్‌బర్గ్, మార్‌బర్గ్, లండన్, ట్రెంట్. ప్రతి రెండు మాటల మధ్యా "అందువల్ల" అనో "అయినా సరే" అనో పెట్టి ఒక వాక్యంతో కలపండి. ఎక్కడ కలవకపోతే ఆ ముక్క ఒక్కటే మళ్ళీ చదవండి, మొత్తం చాప్టర్ తిరగేయక్కర్లేదు. ఎక్కువమందికి ఆగిపోయేది ఫుగ్గర్ అప్పు దగ్గరే, కాబట్టి అల్‌బ్రెక్ట్ పదవుల పేరా ముందు చూసుకోండి.